గంగమీద తెలుగు దుబాసీ: ఏనుగుల వీరాస్వామయ్య

రైలుబండియు పొగయోడయు వాడుకలోనికి రాని కాలమున, తెలుగువారికి కాశీయాత్ర యనగా ఇంటివారియొద్ద కడపటి సెలవు తీసికొనుటయే. కాశికేగినవాడు కాటికేగినవానితో సమానుడని లోకులనుకొనుచుండిరి. అట్టి దినములలో సుమారు నూరుగురు పరివారముతో చెన్నపట్టణమునుండి బయలుదేరి, కాశీ గయలను సేవించి, కలకత్తా మీదుగా స్వస్థలము చేరి, త్రోవలో చూచినదెల్ల తెలుగున వ్రాసియుంచిన మహనీయులు ఏనుగుల వీరాస్వామయ్యగారు. ఆయన ఆస్థానకవి కారు, సంస్థానాధిపతియు కారు. కచేరి కొలువులో జీవితము గడపిన ఉద్యోగి. కొలువునిమిత్తము వంగదేశమున నివసించు తెలుగువారు ఆయన చరిత్రము తెలిసికొనుట మిక్కిలి యుక్తము.

వీరాస్వామయ్యగారు 1780 ప్రాంతమున నియోగి బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. తొమ్మిదవ యేటనే తండ్రిని కోల్పోయిరి. ఇంగ్లీషు నేర్చిన దేశీయులు అరుదుగానున్న ఆ కాలమున, బాల్యముననే ఆ భాషను సాధించి, చిన్నవయసుననే కుంఫిణీ కొలువున ప్రవేశించిరి. క్రమముగా చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు, అనగా ద్విభాషి, పదవి నందిరి. సాక్షి దేశభాషలో చెప్పినదానిని న్యాయాధిపతికి ఇంగ్లీషున విన్నవించుట ఆ పదవికి ధర్మము. అందు ఒక్క మాట కలిపినను, ఒక్క మాట విడిచినను ఒకరి ఆస్తికో ప్రాణమునకో ముప్పు రావచ్చును. చూచినది చూచినట్లు, విన్నది విన్నట్లు చెప్పు నియమము ఆయనకు ఈ కొలువుననే దృఢపడియుండును.

1830వ సంవత్సరము మే 18వ తేదీన ఆయన యాత్రకు బయలుదేరిరి. పల్లకీలు, బోయీలు, డేరాలు, వంటసామగ్రి, బంధువులు, ఆశ్రితులు కలిసి ఆ పరివారము ఒక చిన్న గ్రామమువలె కదలెను. తిరుపతి, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరు, జబ్బలుపూరు మార్గమున ప్రయాగ చేరిరి. ప్రతి మజిలీయందును ఊరు ఎంత దూరమున నున్నదో, బాట రాతినేలయో రేగడియో, అంగళ్ళలో ఏ వస్తువులు దొరకునో, మంచినీరు కలదో లేదో, దిగుటకు వసతి ఎట్టిదో గుర్తించుచు వచ్చిరి. ఆ వివరములను చెన్నపురి ప్రముఖులును తమకు ఆప్తమిత్రులునగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళెగారికి వ్రాయుచుండిరి. తమవెనుక రాబోవు యాత్రికుడు దారితప్పకుండవలెనను కరుణ ఆ వ్రాతలో అడుగడుగునను కానవచ్చును.

ప్రయాగ దాటిన పిమ్మట వారి త్రోవ నీటిమీదికి మారెను. పల్లకీ విడిచి పడవ యెక్కిరి. అప్పటికి గంగమీద పొగయోడలు నియమముగా నడచుటలేదు. 1828లో హుగ్లీ యను పొగయోడ కలకత్తానుండి ప్రయాగకు పరీక్షార్థము పోయివచ్చెను. నియమమైన రాకపోకలు 1834లో గాని ఆరంభము కాలేదు. కావున యాత్రికులకు తెడ్లు, తెరచాపలే ఆధారము. ప్రవాహముతోపాటు దిగువకు పోవుట కొంత సుకరమే గాని, ఎదురుగాలి వీచిననో, ఇసుకతిన్నె అడ్డుపడిననో పడవ అక్కడనే నిలువవలసినదే. రాత్రులు గట్టునకు కట్టివేసి, వంటలు గట్టుమీదనే కావించుకొనుట ఆ మార్గమున వాడుక.

ఆ జలమార్గమున మజిలీలు ఒక్కొక్కటి ఒక్కొక్క చరిత్రపుటవంటివి. కాశీఘట్టముల పిమ్మట పాట్నా వచ్చును. అచ్చట పడవ దిగి గయకు భూమార్గమున పోవలెను. ప్రయాగయందును, గయయందును కుంఫిణీవారు యాత్రికులవద్ద పన్ను వసూలుచేయుచుండిన దినములవి. పాట్నాకు దిగువను గంగ యొడ్డున మొంగీరు కోట, దాని చేరువను సీతాకుండమను వేడినీటి ఊట కలవు. సుల్తాన్‌గంజు ఎదుట నదీమధ్యమున ఒక రాతిదీవిమీద శివాలయము వెలసియున్నది. అటుపిమ్మట రాజమహలు కొండలు దాటినంతనే నేల స్వరూపము మారి వంగదేశపు పల్లము ఆరంభమగును. అచ్చటికి దిగువను భాగీరథి గంగనుండి చీలి, నవాబుల రాజధాని ముర్షిదాబాదు ప్రక్కగా, చైతన్యదేవుని జన్మస్థలమగు నవద్వీపము మీదుగా ప్రవహించి, హుగ్లీ యను పేర కలకత్తా చేరును. ఎండకాలమున భాగీరథిలో నీరు తగ్గి పడవలు చిక్కుకొనుట ఆ దినములలో సామాన్యము. ఆ కొరత తీర్చుటకే 1975లో ఫరక్కా ఆనకట్టనుండి 38 కిలోమీటర్ల కాలువ ద్వారా గంగనీటిని భాగీరథికి మరలించిరి.

1831లో వీరాస్వామయ్యగారు కలకత్తా ప్రవేశించిరి. అప్పుడీ నగరము కుంఫిణీ రాజ్యమునకు రాజధాని. బెంటింకుప్రభువు గవర్నరు జనరలు. నగరమునకు కొన్ని క్రోసుల ఎగువను చందననగరమున ఫ్రెంచివారును, శ్రీరామపురమున డేనులును ఏలుచుండిరి. సతీసహగమనము నిషేధింపబడి రెండేండ్లైనను నిండలేదు. రామమోహనరాయలు అంతకు పూర్వమే, 1830 నవంబరులో, ఇంగ్లండునకు ఓడ యెక్కియుండిరి. విలియం కోట, లాటుగారి భవనము, హిందూ కళాశాల అప్పటికే వెలసియున్నవి. కాళీఘట్టమున నేడు కనబడు ఆలయము 1809లో పూర్తియైనది. ఆ గుడి ప్రక్కనుండి పోవు ఆదిగంగను టాలీ యను సేనాధికారి త్రవ్వించి 1777 నాటికి పడవలకు అనుకూలము గావించెను. టాలీగంజి నుండి గడియా వైపు మెట్రోబండిలో పోవువారు నేడు ఆ కాలువమీదుగనే పోవుచున్నారు.

కలకత్తానుండి వీరాస్వామయ్యగారు దక్షిణమునకు మరలి, పూరీ జగన్నాథుని సేవించి, శ్రీకాకుళము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, నెల్లూరు మీదుగా 1831 సెప్టెంబరు 3వ తేదీన చెన్నపట్టణము చేరిరి. పదునైదు మాసములు దాటిన ఆ యాత్రలో వారు దేశమును దాదాపు చుట్టివచ్చిరి.

అయినను ఆయన వ్రాత అచ్చులో కనబడుట ఆయన కన్నులారా చూడలేదు. 1836లో ఆయన దివంగతులైరి. మిత్రుని జాబులను పదిలపరచిన శ్రీనివాసపిళ్ళెగారు వానిని క్రోడీకరించి, గ్రంథకర్త జీవితమునుగూడ చేర్చి, కాశీయాత్ర చరిత్ర యను పేర 1838లో ప్రకటింపజేసిరి. ఆ మిత్రుడే ఉపేక్షించియున్నయెడల రెండువందల యేండ్లనాటి మన పల్లెల, బాటల, సంతల, మనుష్యుల సమాచారము గంగలో కలిసియుండెడిది. శతాబ్దము గడచిన పిమ్మట 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు విపులమైన వివరణలతో దానిని మరల వెలువరించి, నూతనతరమునకు అందించిరి. 1973లో ఆంగ్లానువాదమును వెలువడెను.

తీర్థయాత్ర చేసినవారు వేలమంది. వారి పుణ్యము వారితోనే పోయినది. వీరాస్వామయ్యగారు తమ యాత్రాఫలమును తెలుగువారందరికిని పంచిపెట్టిరి. ఇందులకు ఆయనకు తోడ్పడినది గొప్ప పాండిత్యము కాదు. ప్రతి దినము సాయంకాలమున, ఎంత అలసియున్నను, ఆనాడు చూచినదానిని ఉన్నదున్నట్లు వ్రాసిపెట్టు ఉద్యోగధర్మమే. హుగ్లీతీరమున సాయంకాలము నిలుచు తెలుగువారెవరైనను, ఆ నీటిమీదుగా తమకు ముందు వచ్చిన ఈ పెద్దను ఒకసారి తలచుకొందురుగాక.