బోసుపాడా సందులో నివేదిత

ఐర్లండు దేశమున డంగానన్ అను పట్టణములో 1867 అక్టోబరు 28వ తేదీన మార్గరెట్ ఎలిజబెత్ నోబుల్ జన్మించెను. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. ఆమెకు పదియేండ్ల ప్రాయమున ఆయన గతించెను. హాలిఫాక్సులో చదువు ముగించి, 1884లో ఆమె ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించెను. కెస్విక్, రగ్బీ, రెక్సామ్, చెస్టర్ పట్టణములలో పనిచేసి, తుదకు లండను సమీపమున వింబుల్డనులో సొంతముగా పాఠశాల నెలకొల్పెను. పెస్టలోజీ, ఫ్రోబెల్ అను విద్యావేత్తల పద్ధతులు ఆమెకు కరతలామలకములు. బిడ్డకు తెలిసినదానినుండియే తెలియనిదానికి దారితీయవలెనని వారి మతము. ఇంగ్లండులో ఈ సూత్రము నాచరించుట ఆమెకు కష్టము కాలేదు. అచటి బిడ్డ యెరిగినదెల్ల ఆమెయు నెరిగినదే. హిందూగృహములోని బాలిక యేమి యెరుగునో ఆమెకెట్లు తెలియును? ఆమె శేషజీవితమంతయు ఈ ప్రశ్నతోనే గడచెనని చెప్పవచ్చును.

1895 నవంబరులో లండనునందు ఆమె వివేకానందస్వామివారి ప్రసంగము వినెను. వెంటనే నమ్మలేదు. రెండేండ్లకు పైగా తర్కించి, తూచి, 1898 జనవరి 28వ తేదీన కలకత్తాలో అడుగిడెను. మార్చి 17న శ్రీ శారదాదేవి దర్శనమయ్యెను. ఆచారనిష్ఠగల బ్రాహ్మణ వితంతువయ్యును మాతృదేవి ఆ పాశ్చాత్య స్త్రీలతో కలసి ఆహారము స్వీకరించిరి. ఆనాటి సంఘములో ఇది సామాన్య విషయము కాదు. మార్చి 25న స్వామీజీ ఆమెకు బ్రహ్మచర్యదీక్ష నొసగి నివేదిత యని నామకరణము చేసిరి.

పేరు మారినంతమాత్రమున మనస్సు మారునా? దీక్షానంతరము గూడ ఆంగ్లపతాకమే తన పతాకమను భావము ఆమెను వీడలేదు. దానిని గనిపెట్టి స్వామీజీ ఆశ్చర్యపడిరి. ఆ వేసవిలో ఆల్మోరాయందు ప్రతి ఉదయమును వారు ఆమె అభిప్రాయములను ఒక్కొక్కదానినే ఖండింప మొదలిడిరి. చరిత్రయందును, సాహిత్యమునందును, స్త్రీధర్మమునందును తన జాతి కొలతలే లోకమునకు కొలతలని ఆమె యెరుగకయే నమ్ముచుండెను. దెబ్బ తగులునప్పుడు గాని అవి తన కొలతలని ఆమెకు తోచలేదు. స్నేహముతో బోధించు గురువును ఆశించి వచ్చిన ఆమెకు ఆ దినములు దుస్సహములయ్యెను. తుదకు బృందములోని పెద్దవయస్సు స్త్రీ యొకతె ఆమె బాధను స్వామీజీకి విన్నవించెను. వారు మౌనముగా వెడలి, సాయంకాలము మరలివచ్చి, నెలవంకను జూపి, వాత్సల్యముతో ఆమెను ఆశీర్వదించిరి. ఆమె ఇంగ్లండులో పొందిన ఉపాధ్యాయశిక్షణ కంటె ఈ కొలది వారముల శిక్షణయే కఠినతరమైనది.

ఈ కాలమున విద్యార్థులు పరదేశములకు పోయి, అచటి జనుల నడుమ కొన్ని మాసములు నివసించి నేర్చుకొనుట ప్రశస్తమైన విద్యగా నెంచబడుచున్నది. మంచిదే. నివేదితకు మాత్రము మాసముల గడువు లేదు, జీతము లేదు, పట్టము లేదు.

1898 నవంబరు 13, కాళీపూజనాడు, బాగ్‌బజారులోని బోసుపాడా సందులో 16వ నంబరు ఇంట మాతృదేవి పూజచేసి బాలికా పాఠశాలను ప్రారంభించిరి. ముందునాడే బలరాంబోసు ఇంట స్వామీజీ స్వయముగా గృహస్థులను పురికొల్పి పిల్లలను పంపుటకు ఒప్పించిరి. ఇంటి పనికి కుదిరిన ముసలి దాసి, యజమానురాలు వంటగదిలో అడుగిడరాదనియు, నీటిని నిప్పును తాకరాదనియు నియమము పెట్టెను. నివేదిత కోపింపలేదు, ఆ నియమమునకు లోబడెను. ఇరుగుపొరుగు ఇండ్ల తలుపులు తెరచుకొనుటకు ఇట్టి ఓర్పే కారణమయ్యెను. బడిలో అక్షరములతోపాటు కుట్టుపనియు, చిత్రలేఖనమును, మట్టిబొమ్మలును ఉండెడివి. బాలికల చేతులకు అలవాటైన ముగ్గునుండియే ఆమె పాఠము మొదలిడెడిది. ఒక్కొక్క బాలిక స్వభావమును శ్రద్ధతో గమనించి వ్రాసికొనెడిది.

1899లో నగరమున ప్లేగు వ్యాపించెను. రామకృష్ణ మిషన్ పరిచర్యా సంఘమునకు ఆమె కార్యదర్శిని. సదానందస్వామి తోడుగా మురికివాడలను శుభ్రపరచెను. చీపురు చేతబట్టి ఆమె వీధి నూడ్చుట జూచి పేటలోని యువకులు సిగ్గుపడి తామును చీపుళ్ళందుకొనిరి.

అయినను ధనాభావముచే పాఠశాల ఆ సంవత్సరమే మూతపడెను. ఆమె విరాళములకై పశ్చిమదేశములకు వెడలి 1902లో మరలి వచ్చెను. ఆ జూలై 4న స్వామీజీ మహాసమాధి నొందిరి. దేశస్వాతంత్ర్య విషయమున మౌనము వహింపజాలక, ఆ మాసముననే ఆమె రామకృష్ణ సంఘముతో అధికార సంబంధమును వదలుకొనెను. ఆమెకది ఎంత శోకమో ఊహింపవచ్చును. బడిని మాత్రము వదలలేదు. డెట్రాయిట్ నగరమున ఉపాధ్యాయినిగా నుండిన సోదరి క్రిస్టీన్ తోడు వచ్చెను. 1903లో గృహిణులకును వితంతువులకును ప్రత్యేకశాఖ యేర్పడెను. పరదా దాటని ఆ స్త్రీలు మధ్యాహ్నవేళ వచ్చి చదువును, కుట్టుపనిని నేర్చుకొనిరి. ఖర్చులో అధికభాగము నివేదిత రచనలవలనను, పాశ్చాత్య మిత్రుల సాయమువలనను సమకూడినది. తన కొరకు ఆమె ఉంచుకొన్నది అత్యల్పము.

1906లో తూర్పువంగమున వరదయు కరవును సంభవింపగా ఆమె నీట మునిగిన పల్లెలలో తిరిగెను. తిరిగివచ్చి తీవ్రజ్వరముతో మంచమెక్కెను. ఆరోగ్యము మరల పూర్తిగా చేకూరలేదు. 1911 అక్టోబరు 13న డార్జిలింగులో, జగదీశచంద్రబోసు దంపతుల సంరక్షణలో, 43 యేండ్ల ప్రాయమున ఆమె దేహము చాలించెను. అంతకు కొలది దినములముందే మరణశాసనము వ్రాయించెను. తనకున్నదంతయు, రచనలపై రాబడితో సహా, భారతస్త్రీల జాతీయవిద్యకై వినియోగింపవలసినదిగా బేలూరు మఠము ధర్మకర్తలకే అప్పగించెను. బోసుపాడాలోని ఆ పాఠశాల 1918లో రామకృష్ణ మిషన్ నిర్వహణలోనికి వచ్చినది.