హీరో గొంతు అరువుది, రేలంగి గారి గొంతు సొంతం

రేలంగి అనగానే మన కుర్రాళ్లకి ప్రకాష్ రాజ్ గుర్తొస్తాడండి. 2013లో వచ్చిన 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు'లో రేలంగి మావయ్య ఉన్నాడు కదా, ఫోన్లో మీమ్స్ అన్నీ ఆయన మీదే. అదేమో ఊరి పేరు. నేను చెప్పేది ఇంటిపేరు రేలంగి గురించి. రేలంగి వెంకట్రామయ్య గారు. 1910లో పుట్టేరు. ఎక్కడనుకున్నారు, మన రావులపాలెం పక్కనున్న రావులపాడులో. రోజూ ఆ రోడ్డు మీద అరటి గెలల వ్యాన్లు ఎక్కి తిరిగేవాళ్లకే ఆ సంగతి తెలీదు.

ఇప్పుడెందుకు ఈ గోల అంటే, మొన్న తీర్థంలో ఒకటి చూసేను. స్టేజీ మీద ఓ కుర్రాడు పాట పాడుతూ మధ్యమధ్యలో గొంతు మార్చి నవ్విస్తున్నాడు. కింద నుంచి కొందరు పాటన్నా పాడు, కామెడీ అన్నా చెయ్యి, రెండూ కలిపి ఏటిది అని గోల పెట్టేరు. ఆడు మైకు ఇచ్చేసి దిగిపోయేడు. ఇంటికొచ్చేక కూడా నాకు మనసులో అదే తిరుగుతోంది. ఎందుకంటే పాట, నవ్వు రెండూ కలిపి బతికిన మనిషి మన పక్కూరోడే.

వెంకట్రామయ్య గారి తండ్రి హరికథ, సంగీతం తెలిసిన మనిషి. హరికథ చూడనివాళ్లకి చెప్తాను. ఒకే ఒక్క మనిషి, కాళ్లకి గజ్జెలు, చేతిలో చిడతలు. ఆయనే పాడాలి, ఆయనే కథ చెప్పాలి, జనం కునుకు తీస్తుంటే మధ్యలో ఓ పిట్టకథ చెప్పి నవ్వించాలి. అందులో సింగరు వేరు, కమెడియను వేరు కాదండి. రేలంగి గారు పెరిగింది ఆ గాలిలో. చదువు కాకినాడలో అన్నమాటే గానీ మనసంతా నాటకాల మీదే. అక్కడి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బులో ఆడవేషాలు కూడా కట్టేరు. ఎస్వీ రంగారావు గారు, అంజలీదేవి గారు కూడా ఆ క్లబ్బు మనుషులే.

అప్పుడే సినిమాకి మాటలొచ్చేయి. కాకినాడకే చెందిన సి. పుల్లయ్య గారు కలకత్తా వెళ్లి 1934లో 'లవకుశ' తీసేరు. జనం బళ్లు కట్టుకుని మరీ వెళ్లి చూసేరు. అప్పటికి ప్లేబ్యాక్ లేదు. నటించేవాడే పాడాలి, అదీ కెమెరా తిరుగుతుండగానే. వాయిద్యాలోళ్లు ఫ్రేములో పడకుండా పక్కన నక్కి వాయించేవారు. గొంతు లేకపోతే పెద్ద వేషం కష్టమే. అలాంటి రోజుల్లో, 1935లో, 'శ్రీకృష్ణ తులాభారం'తో రేలంగి గారు తెరకెక్కేరు. 1939లో 'వరవిక్రయం'. ఎక్కేరు గానీ వెలగలేదు. పద్నాలుగేళ్లు చిన్నాచితకా వేషాలు, పుల్లయ్య గారి దగ్గర తెర వెనక పనులు. మనోళ్లు పద్నాలుగు రీల్స్‌కి వ్యూస్ రాకపోతే అకౌంటు తీసేస్తున్నారు. 1949లో 'కీలుగుర్రం', 'గుణసుందరి కథ' వచ్చేక గానీ జనం ఆయన్ని గుర్తుపట్టలేదు.

1951లో 'పాతాళభైరవి'. అసలు మాట ఇక్కడుంది. అప్పటికి ప్లేబ్యాక్ వచ్చేసింది. తోటరాముడు వేషం కట్టింది ఎన్టీ రామారావు గారు, పాడిన గొంతు ఘంటసాల గారిది. అదే సినిమాలో రాజుగారి బావమరిది రాకుమారి మీద ఆశపడి ఓ పాట అందుకుంటాడు. ఆ వేషం రేలంగి గారిది, గొంతూ ఆయనదే. హీరోకి అరువు గొంతు, కమెడియనుకి సొంత గొంతు! ఆ పాటలో శ్రుతి తెలిసిన మనిషి కావాలనే బేలగా పాడతాడు. భయం, ఆశ, తింగరితనం మూడూ గొంతులోనే తెలుస్తాయి. వేరే సింగరు ఎంత గొప్పోడైనా అది రాదని నా నమ్మకం. 1955లో 'మిస్సమ్మ'లోనూ అంతే, దేవయ్యగా ధర్మం అడుక్కునే పాట ఆయనే పాడేరు.

ఆ తరవాత 'మాయాబజార్'లో లక్ష్మణ కుమారుడు, 'నర్తనశాల'లో ఉత్తర కుమారుడు. మాయా శశిరేఖ పెళ్లిపీటల మీద కాలు తొక్కినప్పుడు ఆ మొహం చూడండి, ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఇప్పటి పాటలు బాగోలేవని నేననను. 'నాటు నాటు'కి 2023లో ఆస్కార్ ఊరికే ఇచ్చేరా? అవమానం, దానికి జవాబు, పందెం, అన్నీ ఆ పాటలోనే జరిగిపోతాయి. కథని పాట మోసుకెళ్లడం పాత సినిమా పద్ధతేనండి. కానీ మామూలుగా ఏం జరుగుతోంది? 'అల వైకుంఠపురములో' 2020 సంక్రాంతికి వస్తే, అందులో మొదటి పాట 2019 సెప్టెంబరులోనే మన ఫోన్లలోకి వచ్చేసింది. కథ తెలీకుండానే పాట నోటికొచ్చేసింది. పాట ముందు, సందర్భం తరవాత. 'అత్తారింటికి దారేది'లో పవన్ కళ్యాణ్ గొంతు వినపడితే అదో పండగయ్యింది. 1935లో అది రోజువారీ పని. ఇక కమెడియను సంగతంటారా, పాట మొదలయ్యేలోపు ఓ పంచ్ వేసి పక్కకి తప్పుకోవాలి. ఆడికో పాట ఇవ్వాలన్న ఆలోచనే పోయింది. నా బాధ అదండి.

రేలంగి గారికి 1970లో పద్మశ్రీ వచ్చింది. తాడేపల్లిగూడెంలో రేలంగి చిత్రమందిర్ అని తన పేరు మీద హాలు కట్టుకుని, 1975లో ఆ ఊళ్లోనే కన్నుమూసేరు. రావులపాడు నుంచి గోదారి దాటితే ఎంత దూరం గనక.

తీర్థంలో దిగిపోయిన కుర్రాడి నెంబరు సంపాదించి 'పాతాళభైరవి' లింకు పంపేను, బావమరిది పాట దగ్గర్నుంచి చూడమని. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆ పాటే పాడేడు. సగంలో గొంతు మార్చి, బావమరిది కాస్తా రావులపాలెం బస్టాండులో అమ్మాయి కోసం ఎదురుచూసే కుర్రాడైపోయేడు. రెండుసార్లు విన్నాను. వచ్చే తీర్థానికి ఆడి పేరు ఇమ్మని కమిటీ వాళ్లని అడిగేను, చూద్దాం అన్నారు.