కథను వారధిగా నిలిపిన కవి గుఱ్ఱం జాషువ

ఇంట పలికే మాట, పెద్దలు చెప్పే కథ మాతృభాషకు తొలి పాఠశాలలు. తమిళసీమలో తరతరాలుగా తెలుగును నిలుపుకొన్న రాజపాళయం వంటి ఊళ్ళవారికి ఈ సత్యం కొత్త కాదు. కథకు గల ఆ శక్తిని జీవితాంతం నమ్ముకొన్న మహాకవి గుఱ్ఱం జాషువ.

జాషువ 1895 సెప్టెంబరు 28న వినుకొండలో ఒక పేద క్రైస్తవ కుటుంబంలో జన్మించారు. తండ్రి వీరయ్య యాదవ కులస్థుడు, తల్లి లింగమ్మ మాదిగ కులస్థురాలు. అంటరానితనపు బాధను ఆయన బాల్యంలోనే చవిచూశారు. ఆ చీకటిలో వెలుగైనది ఒక స్నేహం. బ్రాహ్మణ కుటుంబానికి చెందిన దీపాల పిచ్చయ్యశాస్త్రి ఆయనకు బాల్యమిత్రుడు. ఆ మిత్రుని సాహచర్యంలో జాషువకు పద్యంపై మక్కువ పెరిగింది. ఇద్దరూ జంటకవులుగా రచన సాగించాలని తలచారు. ఆ తలపు నెరవేరకపోయినా, కులాన్ని దాటి ఇద్దరు బాలురను కలిపిన కావ్యకథల రుచి మాత్రం జాషువను విడువలేదు.

ఆ రుచికి ఆయన చెల్లించిన మూల్యం తక్కువది కాదు. వినుకొండలో ఒక అవధాన సభలో పద్యాలు చదివినందుకు కులం పేరిట అవమానం ఎదురయింది. హైందవ పురాణేతివృత్తాలను పద్యాలలో చెప్పుతున్నాడని క్రైస్తవ మతపెద్దలు ఆయనను, ఆయన కుటుంబాన్ని సంఘం నుండి వెలివేశారు. ఒక గడప కులాన్ని అడ్డుపెట్టగా, మరొక గడప కవిత్వాన్నే నేరంగా ఎంచింది.

మిషనరీ పాఠశాలలో నెలకు 3 రూపాయల ఉద్యోగం పోగా, బ్రతుకుతెరువుకై జాషువ రాజమహేంద్రవరం చేరారు. అది మూకీ చిత్రాల కాలం. 1915-16లలో ఆయన అక్కడ సినిమా వాచకుడుగా పనిచేశారు. తెరపై బొమ్మలు కదులుతుండగా, వాటి కథను, సంభాషణలను చదివి ప్రేక్షకులకు వినిపించడమే ఆ వృత్తి. సభలో నోరు విప్పినందుకు అవమానించిన లోకమే, దీపాలార్పిన ఆ చీకటిలో ఆయన గొంతును చెవియొగ్గి ఆలకించింది. కథ వినేవేళ శ్రోత చెప్పేవాని కులమడుగడు.

పిదప గుంటూరులో లూథరన్ సంఘంవారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో 10 సంవత్సరాలు, 1928 నుండి 1942 వరకు ప్రభుత్వోన్నత పాఠశాలలో ఆయన ఉపాధ్యాయులుగా ఉన్నారు. ఆ కాలంలోనే ఆయన పేరు ఆంధ్రదేశమంతటా మారుమ్రోగింది. 1932 నాటి ‘ఫిరదౌసి’లో వంచితుడైన పారశీక కవి గాథను తెలుగువారి కన్నీటిగాథగా మలిచారు. 1941 నాటి ‘గబ్బిలం’లో, గుడిలో అడుగుపెట్టనీయని నిరుపేద తన గోడును శివునికి చేర్చుమని గబ్బిలాన్ని వేడుకొంటాడు. మనుషులు చెంత చేరనివ్వనివానికి ఒక మూగప్రాణి ఆప్తబంధువైంది. గుడిలో గబ్బిలానికి లేని అడ్డు మనిషికెందుకన్న ప్రశ్నను వాదంగా కాక కథగా చెప్పినందువల్లనే, అది కఠినహృదయాలను సైతం తాకింది.

1957 నుండి 1959 వరకు ఆయన మద్రాసు ఆకాశవాణిలో కార్యక్రమ నిర్మాతగా ఉన్నారు. 1958లో ‘క్రీస్తు చరిత్ర’ వెలువడింది. తన పొరుగువాడెవడని అడిగిన ధర్మశాస్త్రజ్ఞునికి ఏసుప్రభువు నిర్వచనం చెప్పలేదు. జాతిచేత హీనునిగా ఎంచబడిన సమరయుడు, గాయపడిన బాటసారిని ఆదుకొన్న కథ చెప్పాడు. అట్టి ప్రభువు చరిత్రను, పురాణ కథలు అల్లిన తెలుగు పద్యంలోనే జాషువ కీర్తించారు. ఏ పద్యరచన ఆయనకు వెలివేతను తెచ్చిందో, ఆ పద్యమే ఆయన విశ్వాసానికి వాహనమైంది. ఈ కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

తిరుపతి వేంకటకవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి స్వయంగా జాషువ పాదానికి గండపెండేరం తొడిగారు. ఒకనాడు సభలోనికి రానీయని కులాన్ని అడ్డుగా ఎంచక, పండితశ్రేష్ఠుడొకరు సోదరకవికి చేసిన సత్కారమది. 1970లో పద్మభూషణ్, ఆంధ్ర విశ్వవిద్యాలయపు కళాప్రపూర్ణ బిరుదములు ఆయనను వరించాయి. 1971 జూలై 24న గుంటూరులో జాషువ కన్నుమూశారు.

తనను దూరంగా నిలిపిన వారికి సైతం ఆయన కథే చెప్పారు. విన్నవారిలో ఎందరో ఆయనకు దగ్గరయ్యారు. మాతృభాషలో చదువుకొనే బాలబాలికలకు జాషువ జీవితం అందించే సందేశమిదే.