నలభై నాలుగేళ్ల కుర్రాడు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు బడి జ్ఞాపకాలే రాద్దామనుకున్నాను. కానీ మధ్యాహ్నం గంట గురించీ, గేటు దగ్గర అమ్మిన పుల్ల ఐసు గురించీ నాకంటే బాగా రాసేవాళ్లు మన బ్యాచ్‌లోనే నలుగురున్నారు. అందుకని ఒక మాస్టారి గురించి రాస్తున్నాను. ఆయన మన బడిలో పాఠం చెప్పలేదు. మనమెవరమూ పుట్టకముందే, 1940లో కాలం చేశారు. ఆయన గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు.

హైస్కూల్లో మన తెలుగు మాస్టారు ఆయన గురించి చెప్పినప్పుడు పరీక్షకు సరిపడినంతే గుర్తుపెట్టుకున్నాను. పుట్టింది 1863 ఆగస్టు 29, శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో. వాడుక భాషా ఉద్యమానికి పితామహుడు. అంతే, రెండు మార్కుల ప్రశ్న. ఆ తర్వాత నలభై ఏళ్లపాటు ఆయనతో నాకు పని పడలేదు.

పని పడింది రెండేళ్ల కిందట. వంతెనల డిజైన్లు చేసే ఇంజనీరుగా నా ఉద్యోగం చాలావరకు సైట్ల మీదే గడిచింది. జనరేటర్ల పక్కన, పైల్స్ దిగ్గొట్టే యంత్రాల పక్కన నిలబడీ నిలబడీ వినికిడి తగ్గింది. డాక్టరు గారు చెవి మిషను పెట్టుకోమన్నారు. కొన్నాను, డ్రాయర్‌లో పెట్టాను. మీటింగుల్లో సగం మాటలు వినపడకపోయినా తల ఊపడం అలవాటు చేసుకున్నాను. అదే సమయంలో ఆఫీసులో డ్రాయింగులన్నీ కొత్త త్రీడీ సాఫ్ట్‌వేర్‌లోకి మారిపోయాయి. అది నేర్పడానికి వచ్చిన అమ్మాయి వయసు మా అబ్బాయి వయసే. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, ఆ పిల్ల ముందు నోట్‌బుక్ పట్టుకుని కూర్చోలేక, స్వచ్ఛంద పదవీ విరమణ కాగితాలు తయారుచేసుకున్నాను. జుట్టుకు రంగు మాత్రం నెలనెలా వేసుకుంటూనే ఉన్నాను.

ఆ రోజుల్లో అనుకోకుండా గిడుగు వారి జీవితం చదివాను. రెండు మార్కుల ప్రశ్న వెనక ఇంత మనిషి ఉన్నాడని అప్పుడు తెలిసింది.

చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజా వారి స్కూల్లో చదువుకున్నారు. గురజాడ అప్పారావు గారు ఆయనకు సహాధ్యాయి. మెట్రిక్యులేషన్ పాసై 1880లో, అంటే పదిహేడో ఏట, పర్లాకిమిడి రాజా వారి బడిలో పంతులు ఉద్యోగంలో చేరారు. నెలకు 30 రూపాయల జీతం. ఆ రోజుల్లో అది స్థిరపడిపోయిన జీవితం. కానీ ఆయన స్థిరపడలేదు. పాఠాలు చెబుతూనే ప్రైవేటుగా పరీక్షలు కట్టి, ముప్పై దాటాక బి.ఏ. పూర్తి చేశారు. దగ్గరలోని ముఖలింగం గుళ్లలో పాత శాసనాలు ఉంటే, పుస్తకాలు తెప్పించుకుని ఆ లిపి సొంతంగా నేర్చుకుని చదివారు.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉంటారు. వాళ్ల మాట తెలుగుకు దగ్గరది కాదు, ముండా భాషల కుటుంబానికి చెందినది. అప్పటికి దానికి లిపి లేదు, వ్యాకరణం లేదు. తెలుగు తెలిసిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఆయన దగ్గర ఈ పంతులు గారు శిష్యుడిగా కూర్చుని ఆ భాష నేర్చుకున్నారు. ఆనాటి కట్టుబాట్లు తెలిసినవారికి అది ఎంత పెద్ద విషయమో వేరే చెప్పక్కరలేదు. ఆ తర్వాత సవర పిల్లల కోసం సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకు తానే జీతాలిచ్చి, వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. కొండల్లో తిరిగినందుకు జ్వరం పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతిని, జీవితాంతం చెవుడు మిగిలింది.

ఈ చోట నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. జనం నోట పలికే భాష కోసం జీవితమంతా పోరాడిన మనిషికి, ఆ పలుకు సరిగా వినపడేది కాదన్నమాట! నా చెవి మిషను మాత్రం డ్రాయర్‌లో ఉంది.

అసలు కథ 1907లో మొదలైంది. ఉత్తర కోస్తా జిల్లాలకు యేట్స్ అనే ఇంగ్లీషు దొర స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు నేర్చుకున్నవాడు కాబట్టి, జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడి పుస్తకాల్లో తెలుగు మరొకటి ఎందుకుందో అతనికి అర్థం కాలేదు. విశాఖపట్నంలో కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, ఆయన గురజాడ పేరూ గిడుగు పేరూ చెప్పారు. అప్పటికి రామమూర్తి గారికి నలభై నాలుగేళ్లు. పంతులుగా ఇరవై ఏడేళ్ల సర్వీసు. ఇన్నేళ్లూ చెప్పిన పద్ధతిలోనే చెప్పి పింఛను తీసుకోవచ్చు. ఆయన మాత్రం ప్రాచీన కావ్యాలూ వ్యాకరణాలూ కొత్త విద్యార్థిలా మళ్లీ మొదటినుంచి తిరగేశారు. పాత వచన గ్రంథాల్లోనే వాడుక మాటలు ఎన్ని ఉన్నాయో ఏరి చూపించారు. గ్రాంథికంలోనే రాయాలని పట్టుబట్టే పండితులు తమ రాతల్లో తామే ఎక్కడెక్కడ తప్పారో లెక్కగట్టి చూపించారు. ప్రాచీన కావ్యాలు చదవొద్దని ఆయన ఎన్నడూ అనలేదు. ఇప్పటి పిల్లవాడు ఇప్పటి భాషలో రాయాలన్నదే ఆయన వాదం.

1911లో ఉద్యోగ విరమణ చేశారు. తీరుబడిగా కూర్చోవలసిన వయసులో సభలకు బయలుదేరారు. స్కూల్ ఫైనల్ వ్యాసం వాడుక భాషలో రాయడానికి దొరికిన అనుమతి 1914లో రద్దయింది. 1915లో గురజాడ పోయారు. చేతికందిన గెలుపు జారిపోయి, తోడున్న స్నేహితుడు దూరమైన ఆ రోజుల్లో ఆయన వయసు, ఇప్పుడు మన బ్యాచ్ వాళ్ల వయసుకు కాస్త అటూఇటూగా ఉంటుంది. ఆయన ఇంట్లో కూర్చోలేదు. 1919లో, యాభై ఆరో ఏట, తెలుగు అనే పేరుతో మాసపత్రిక పెట్టారు. అది ఏడాదికి మించి నడవలేదు. మళ్లీ సభలు, మళ్లీ వ్యాసాలు. ఆ వాదన ధాటికే జనం ఆయన్ను పిడుగు అన్నారు.

సవర భాష పనీ ఆపలేదు. మద్రాసు ప్రభుత్వం ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో, నిఘంటువును 1938లో అచ్చువేసింది. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకు డెబ్భై అయిదు. ఈలోగా 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది. యాభై ఆరేళ్లు బతికిన ఊరు వదిలి, ఆ వయసులో రాజమహేంద్రవరం వచ్చి కొత్తగా కాపురం పెట్టారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఆ చివరి నెలలో కూడా మద్రాసులో పత్రికల వాళ్ల ముందు వాడుక భాష గురించే మాట్లాడారు.

ఇప్పుడు ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. మనం పత్రికల్లో చదివేదీ, ఈ సంచికలో మీరు చదువుతున్నదీ ఆయన అడిగిన తెలుగే. స్కూల్ ఫైనల్‌లో వద్దన్న భాషలోనే మనమంతా పదో తరగతి పాసయ్యాం.

నడివయసులో కుర్రతనం అంటే ఏమిటో నాకు ఆయన్ను చూశాకే తెలిసింది. తనకంటే చిన్నవాళ్ల దగ్గరైనా, లోకం తక్కువగా చూసేవాళ్ల దగ్గరైనా, తెలియనిది అడిగి తెలుసుకోవడానికి సిగ్గుపడకపోవడం. ఇరవై ఏడేళ్లు నడిచిన దారి సరైనదేనా అని ఆగి చూసుకోగలగడం. బడిలో ఉన్నప్పుడు ఇవి మనందరికీ ఉన్నాయి. తెలియకపోతే చెయ్యెత్తేవాళ్లం.

పదవీ విరమణ కాగితాలు చింపేశాను. ఆ అమ్మాయి దగ్గర నాలుగు నెలలు పాఠం చెప్పించుకున్నాను. మొదటి వారం రెండుసార్లు ఫైలు పోగొట్టి తిట్లు కూడా తిన్నాను. ఇప్పుడు చిన్న వంతెన మోడల్ ఎవరి సాయం లేకుండా చేయగలను. పెద్దవాటికి ఇంకా ఆమెనే అడుగుతాను.

స్వర్ణోత్సవ సభలో కలుద్దాం. మన మాస్టార్లలో ఇంకా ఆరోగ్యంగా ఉన్నవారందరూ వస్తున్నారని విన్నాను. నా కుడి చెవిలో చిన్న మిషను కనబడుతుంది, చూసి మొహమాటపడకండి. మామూలుగానే మాట్లాడండి. వినపడకపోతే మళ్లీ అడుగుతాను.