ఎనిమిది నిమిషాల తేడా – జోహన్నెస్ కెప్లర్ జీవితం

సూర్యుడి చుట్టూ గ్రహాల దారిని మన పిల్లలు గుండ్రంగా గీస్తుంటారు. నిజానికి ఆ దారి దీర్ఘవృత్తం. ఈ సంగతిని కనిపెట్టినవారు జోహన్నెస్ కెప్లర్.

ఆయన 1571 డిసెంబరు 27న జర్మనీలోని వైల్ డెర్ స్టాట్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. చిన్నతనంలోనే మశూచి సోకి చూపు దెబ్బతింది. ఉపకారవేతనంతో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో చదివి, 1594లో గ్రాజ్ పట్టణంలో లెక్కల మాస్టారుగా చేరారు. మత వివాదాల వల్ల ఆ ఊరు వదలాల్సి వచ్చింది. 1600లో ప్రాగ్ వెళ్ళి టైకో బ్రాహే దగ్గర పనికి కుదిరారు. దూరదర్శిని లేని ఆ రోజుల్లో టైకో ఏళ్ళ తరబడి కంటితో చూసి గ్రహాల స్థానాలు కొలిచి పెట్టారు. 1601లో ఆయన పోయాక ఆ కొలతలు కెప్లర్ చేతికి వచ్చాయి.

కెప్లర్ కుజుడి లెక్క పట్టుకున్నారు. దారి వృత్తమే అనుకుని వేసిన లెక్కకీ, టైకో కొలతకీ 8 నిమిషాల కోణం తేడా వచ్చింది. డిగ్రీలో 60వ వంతు ఒక నిమిషం. అంటే ఆ తేడా ఆకాశంలో నిండు చంద్రుడి వెడల్పులో సుమారు పావు వంతు! ఇంకొకరైతే పోనీలే అని సరిపెట్టుకునేవారు. కానీ టైకో కొలతలో అంత పొరపాటు ఉండదని కెప్లర్ నమ్మకం. అందుకే రెండు వేల ఏళ్ళుగా పండితులు నమ్మిన వృత్తాన్నే వదిలేశారు. ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ లెక్కలు వేసి, 1609లో ఫలితం ప్రకటించారు: కుజుడి దారి దీర్ఘవృత్తం, దాని ఒక నాభిలో సూర్యుడు. గ్రహం సూర్యుడికి దగ్గరైనప్పుడు వేగంగా, దూరమైనప్పుడు నెమ్మదిగా వెళుతుంది.

ఆయన బతుకేమీ సుఖంగా సాగలేదు. తల్లిని మంత్రగత్తె అని నిర్బంధిస్తే, స్వయంగా వెళ్ళి ఆమె తరఫున పోరాడారు. 1621లో ఆమె విడుదలైంది. కెప్లర్ 1630 నవంబరు 15న రేగెన్స్‌బర్గ్‌లో కన్నుమూశారు. యుద్ధంలో ఆయన సమాధి కూడా మిగల్లేదు.

దారి ఎందుకలా ఉందో 1687లో న్యూటన్ వివరించారు. సూర్యుడు గ్రహాన్ని తనవైపు లాగుతుంటాడు, గ్రహం తన వేగంతో పక్కకి సాగిపోతుంటుంది. దూరం రెట్టింపైతే ఆ లాగుడు నాలుగో వంతుకి తగ్గుతుంది. ఈ రెండూ కలిస్తే ఏర్పడే దారే దీర్ఘవృత్తం. వేగం, దిశ కచ్చితంగా కుదిరితేనే వృత్తం అవుతుంది.

పిల్లలూ, రెండు గుండుసూదులు గుచ్చి, వాటి చుట్టూ వదులుగా దారం ముడి వేసి, పెన్సిల్‌తో దారాన్ని బిగించి తిప్పండి. దీర్ఘవృత్తం వస్తుంది. ఒక సూది దగ్గర సూర్యుణ్ణి గీయండి. ఇకపై ప్రయోగంలో లెక్క కాస్త తేడా వస్తే, కొలతని దిద్దేయకండి. ఎందుకొచ్చిందో అడగండి.