కొండలలో బడులు నెలకొల్పిన దశరథ దేవ్

భారతదేశపు ఈశాన్యమున నున్న త్రిపుర చిన్న రాష్ట్రము. కాని ఆ కొండలలో పుట్టిన దశరథ దేవ్ గారి జీవితము చిన్నది కాదు. ఆయన 1916 ఫిబ్రవరి 2వ తేదీన ఖోవాయి ప్రాంతమున ఒక పేద గిరిజన రైతుకుటుంబములో జన్మించిరి. నాడు త్రిపుర మాణిక్య వంశపు రాజుల యేలుబడిలో నుండెను. పోడు వ్యవసాయముతో బ్రదుకు గిరిజనులు అధికారుల సామానులను కూలి లేకయే మోయవలసి యుండెను. ఆ వెట్టిని అచ్చట ‘తితున్’ అనెడివారు. దానికి తోడు వడ్డీవ్యాపారుల బాధ. అప్పుపత్రమును చదువుకొనలేనివానికి దానినుండి విముక్తి యెక్కడిది?

ఈ సంగతి గ్రహించియే 1945 డిసెంబరులో దేవ్ గారును, సుధన్వ దేవవర్మ మొదలగు చదువుకొన్న యువకులును జనశిక్షా సమితిని స్థాపించిరి. స్వల్పకాలములోనే కొండపల్లెలలో నాలుగు వందలకు పైగా బడులు వెలసెను. రాజప్రభుత్వము వానిలో పెక్కింటిని గుర్తింపక తప్పలేదు.

అయినను నిర్బంధము ఆగలేదు. 1948లో గణముక్తి పరిషత్తు ఏర్పడగా దేవ్ గారు దానికి అధ్యక్షులై, అజ్ఞాతవాసమున నుండి సాయుధ ప్రతిఘటన నడిపిరి. మన తెలంగాణమున సైతము వెట్టిపై పోరు సాగుచున్న దినములవి. 1949 మార్చిలో పద్మబిల్ గ్రామమున తితున్‌ను ఎదిరించిన ముగ్గురు గిరిజన స్త్రీలు కాల్పులలో ప్రాణములు విడిచిరి. ఆ యేడే అక్టోబరు 15న త్రిపుర భారతదేశమున విలీనమయ్యెను. 1950లో ఆయన కమ్యూనిస్టు పార్టీలో చేరిరి.

1952 ఎన్నికలలో ఒక వింత జరిగెను. పోలీసులు వెదకుచున్న మనిషినే ప్రజలు లోకసభకు ఎన్నుకొనిరి! తుపాకి పట్టిన చేయి నాటినుండి శాసనమార్గమునే నమ్ముకొనెను. 1957, 1962, 1971 సంవత్సరములలో మరల మరల ఆయనకు లోకసభ సభ్యత్వము లభించెను.

ఇంతలో దేశవిభజన వలన తూర్పు బెంగాలు నుండి కాందిశీకులు వెల్లువగా వచ్చి చేరగా, గిరిజనులు తమ గడ్డపైననే అల్పసంఖ్యాకులైరి. భూమి చేజారుచుండెను. గిరిజనుల హక్కును కాపాడవలెను. నిలువ నీడ లేక వచ్చినవారిని ద్వేషింపరాదు. దేవ్ గారి రాజకీయ జీవితమునకు ఇదియే కఠినపరీక్ష. 1978లో విద్యామంత్రియైన పిదప, 1979లో కొక్‌బరక్ భాషకు రాష్ట్ర భాషగా గుర్తింపు వచ్చెను. స్వయంపాలిత జిల్లా మండలికి చట్టమును ఆ యేడే రూపొందెను. భాషకై ఉద్యమించిన ఆంధ్రులకు ఈ ఆకాంక్ష క్రొత్తది కాదు. కాని 1980 జూనులో చెలరేగిన ఘోర కలహములు ఆ రెండు జాతుల పొత్తును ఛిన్నాభిన్నము చేసెను. అయినను ఆయన ఆ పొత్తును వీడలేదు.

1993 ఏప్రిలులో ఆయన త్రిపురకు తొలి గిరిజన ముఖ్యమంత్రియై, 1998 మార్చి వరకు ఆ పదవిలో నుండిరి. ఆ సంవత్సరమే అక్టోబరు 14న కన్నుమూసిరి. పదవులు ఆయనతో ముగిసెను. అక్షరము నేర్చిన కొండబిడ్డల పరంపర మాత్రము ముగియలేదు.