పొగమంచు నగరంలో హైదరాబాద్ అమ్మాయి

విద్య కోసం సఫర్ చేయడం గొప్ప విషయమని మన పెద్దలు ఎప్పుడూ చెబుతూ వచ్చారు. ఆ సఫర్‌లో ఒంటికి కలిగే కష్టం గురించి మాత్రం మనం తక్కువగా మాట్లాడుకుంటాం. సరోజినీ నాయుడును కవయిత్రిగా, స్వాతంత్ర్య సమర యోధురాలిగా అందరూ ఎరుగుదురు. పదహారేళ్ల ప్రాయంలో పరదేశం వెళ్లిన విద్యార్థినిగా ఎరిగినవారు కొద్దిమందే.

సరోజిని 1879 ఫిబ్రవరి 13న హైదరాబాద్‌లో ఒక బెంగాలీ కుటుంబంలో జన్మించారు. తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఎడిన్‌బరోలో విజ్ఞానశాస్త్రంలో డాక్టరేట్ పొంది వచ్చినవారు. తరువాత నిజాం కళాశాలగా పేరొందిన విద్యాసంస్థకు పునాది వేసింది ఆయనే. సరోజిని పన్నెండేళ్లకే మద్రాసు విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్ష నెగ్గి పేరు తెచ్చుకున్నారు. అయితే ఆమె ఆరోగ్యం మొదటినుంచీ అంతంతమాత్రమే. పద్నాలుగేళ్ల వయసులో జబ్బుపడి, బడి చదువు ఆపేయవలసి వచ్చింది. ఇంట్లో కూర్చుని పుస్తకాలే లోకంగా గడిపారు.

ఆ రోజుల్లోనే డాక్టర్ గోవిందరాజులు నాయుడును వివాహమాడాలని నిశ్చయించుకున్నారు. కులాలు వేరు కావడంతో పెద్దలు ఒప్పుకోలేదు. నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చిన ఉపకార వేతనంతో 1895లో ఆమెను ఇంగ్లండు పంపారు. ఆ ప్రయాణం ఆమె కోరుకున్నది కాదు.

అప్పటి లండన్ ఎలా ఉండేది? ప్రతి ఇంటి పొయ్యిలోనూ, ప్రతి కర్మాగారంలోనూ రాతిబొగ్గే మండేది. చలికాలంలో నేలను అంటుకుని ఉన్న చల్లని గాలిపై వెచ్చని గాలి మూతలా పరుచుకుంటే, పొగ పైకి పోయే దారి ఉండదు. మసి, గంధకపు వాయువు పొగమంచుతో కలిసి పసుపు రంగు తెరలా ఊరిని కప్పేసేవి. పట్టపగలే దీపాలు వెలిగించుకోవలసి వచ్చేది. డిసెంబరులో అక్కడ పగలు సుమారు ఎనిమిది గంటలే. దక్కను ఎండలో పెరిగిన, అసలే బలహీనమైన పిల్లకు అలాంటి గాలి మేలు చేసేది కాదు.

మొదట లండన్ కింగ్స్ కళాశాలలో, ఆ తరువాత కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలో ఆమె చదివారు. మహిళలు అక్కడ ఎంత బాగా చదివినా కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వారికి పూర్తి పట్టాలు ఇవ్వడం 1948లో గానీ మొదలు కాలేదు. గిర్టన్‌లో ఉండగా ఆరోగ్యం మళ్లీ దెబ్బతిన్నది. చదువు సగంలో ఆగింది. మధ్యలో ఇటలీ చూసి వచ్చారు. 1898లో పట్టా లేకుండానే హైదరాబాద్ చేరుకున్నారు.

నలుగురి దృష్టిలో అది ఓటమే. కానీ ఆమె ఉత్త చేతులతో రాలేదు. అప్పటివరకు ఆమె ఇంగ్లీషు పిట్టల మీద, ఇంగ్లీషు తోటల మీద కవితలు రాసేవారు. ఎడ్మండ్ గాస్ అనే విమర్శకుడు అవి చూసి, నీ దేశం గురించి, నీ మనుషుల గురించి రాయమని సలహా ఇచ్చారు. 1905లో లండన్‌లో వెలువడిన ఆమె తొలి సంపుటి ది గోల్డెన్ థ్రెషోల్డ్‌లో పల్లకీ బోయీలు, హైదరాబాద్ నగరం కనిపిస్తాయి. 1898 డిసెంబరులోనే గోవిందరాజులు నాయుడుతో వివాహం జరిగింది. 1925లో కాన్పూరు కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించి, ఆ పదవి చేపట్టిన తొలి భారతీయ మహిళ అయ్యారు. 1947లో సంయుక్త రాష్ట్రాల గవర్నరై, 1949 మార్చి 2న లక్నోలో కన్నుమూశారు.

లండన్ గాలి సంగతి కూడా చెప్పుకోవాలి. ఆమె తిరిగివచ్చిన 1898లోనే అక్కడ బొగ్గు పొగ నివారణకు ఒక సంఘం ఏర్పడింది. అయినా మేలుకోవడానికి దశాబ్దాలు పట్టింది. 1952 డిసెంబరులో ఐదు రోజులు కమ్మిన పొగమంచుకు నాలుగు వేల మంది బలయ్యారని అప్పట్లో లెక్కగట్టారు. తరువాతి పరిశోధకులు ఆ సంఖ్య పన్నెండు వేల దాకా ఉంటుందన్నారు. 1956లో స్వచ్ఛమైన గాలి కోసం చట్టం వచ్చింది.

పిడుగురాళ్లలో ఉండేవారికి ఈ కథ దూరపుది కాదు. సున్నపురాయిని బొగ్గుతో కాల్చే బట్టీలు ఎందరికో అన్నం పెడుతున్నాయి. ఆ పొగ, ఆ ధూళి ఏమిటో కూడా ఇక్కడి వారికి తెలుసు. ఇక్కడి నుంచి కూడా పిల్లలు చదువులకు దూరదేశాలు వెళుతున్నారు. అప్పు చేసి పంపిన తల్లిదండ్రులు ఫోనులో అడిగేది ఎక్కువగా మార్కులు, ఉద్యోగం గురించే. దగ్గు తగ్గిందా, చలికి తగిన బట్టలున్నాయా, రాత్రి నిద్ర పడుతోందా అని కూడా అడగాలి. ఒంట్లో బాగాలేదని బిడ్డ చెబితే సాకు అనుకోకూడదు. ఖర్చు గుర్తుచేసి నోరు మూయించకూడదు. తిరిగి రావలసివస్తే తలుపు తెరిచి ఉందన్న ధైర్యం ఇవ్వాలి.

పట్టా లేకుండా ఇల్లు చేరిన ఆ పంతొమ్మిదేళ్ల అమ్మాయికి ఇంకా యాభై ఏళ్ల జీవితం మిగిలి ఉంది. దేశం ఆమెను గుర్తుంచుకున్నది ఆ యాభై ఏళ్ల వల్లనే.